బెనిగ్నో బావ ఆఖరి ఎరుపు

మా అక్క ఎల్విరాను పెళ్లాడిన నాటినుంచి బెనిగ్నో బావ మా ఇంటి భోజనాల దగ్గర రెండే విషయాలు మాట్లాడాడు. ఒకటి పాత కార్లు, రెండోది వాటి రంగులు. మా నాన్న ఎన్నికల గురించి ఎత్తుకున్నా, వానల్లేవని వాపోయినా, బావ బీన్సులో తొర్తియా రొట్టె ముంచుకుంటూ, "అదంతా సరే మామయ్యా, పొద్దున ఆ కొండమీద మబ్బు చూశారా? ఆ రంగు యాభై రెండో ఏటి బ్యూక్ కారుకి పడితేనా!" అనేవాడు. అక్క తల కొట్టుకునేది. నాకు మాత్రం ఆయనంటే అప్పటినుంచే భయం, భక్తి రెండూ ఉన్నాయి.

వారమంతా కొండమీది లాబొరేటరీలో నేలలు తుడిచే ఉద్యోగం. ఇంటికొచ్చి బూట్లు మార్చుకోగానే షెడ్డు. ఆదివారం మధ్యాహ్నాలు పక్కనున్న ఎస్పన్యోలా పట్నం పెద్దవీధిలో తిరిగే కార్లలో సగం ఆయన చేతిమీదుగా వెళ్లినవే. తిరగడమంటే మాకు దూసుకుపోవడం కాదు. నేలకు బెత్తెడు ఎత్తుకి దించిన బండిని, పక్కన నడిచే ముసలమ్మ కూడా దాటిపోయేంత నిదానంగా నడపాలి. దూసుకుపోతే రంగు ఎవరికి కనపడుతుంది? బావ ఈ పనికి డబ్బు ముట్టుకునేవాడు కాదు. ఎవరో ఎండుమిరప దండ తెచ్చి గుమ్మానికి తగిలించేవాళ్లు, ఇంకెవరో గొర్రె తొడ ఇచ్చి వెళ్లేవాళ్లు.

"ఒళ్లు హూనం చేసుకున్నందుకు మిరపకాయలా?" అని అక్క సణిగేది.

"ఆదివారం రోడ్డు పక్కన నిలబడి చూసుకుంటాను కదే, అది చాలదూ?" అనేవాడు బావ.

ఇంతమంది కార్లను మెరిపించిన మనిషికి సొంతంగా ఉన్నది ఒక డొక్కు పికప్పు. దాని తలుపు తీగతో కట్టి ఉండేది.

మా దగ్గర వాగులు ఏడాదంతా ఎండే ఉంటాయి. ఆగస్టులో కొండల్లో ఉరిమిందంటే మాత్రం నీళ్లు గోడలా వచ్చి గట్టునీ, గట్టుతో పాటు చేనునీ కొరుక్కుపోతాయి. అందుకని పాతకాలం వాళ్లు చచ్చిపోయిన కార్లను గట్టుకి తోసి, లోపల రాళ్లు నింపి, పైన మట్టి కప్పేవాళ్లు. బావ వాళ్ల నాన్న కూడా అంతే చేశాడు. ఒక చలికాలం నీళ్లు గడ్డకట్టి ఇంజన్ పగిలితే, తన యాభై ఒకటో ఏటి షెవ్రొలే కారుని మిరపచేను గట్టులోకి దొర్లించేశాడు. బావకి అప్పటికి మాటలు కూడా సరిగా రావు. ఆ కారు అక్కడుందని అందరికీ తెలుసు, ఎవరూ పట్టించుకోలేదు. గట్టుకి కారుండటం మాకు వింత కాదు.

ఒక ఏడు పెద్ద వరదొచ్చి తగ్గింది. మర్నాడు బావ నన్ను పిలిచాడు. వెళ్లి చూద్దును కదా, గట్టులోంచి కారు వీపు బయటికొచ్చి ఉంది. తుప్పు పట్టి, మట్టి రంగులోనే ఉంది, కానీ ఆ వంపు చెక్కుచెదరలేదు. కప్పు నుంచి డిక్కీ దాకా ఒకే గీతలా జారిపోతోంది.

"తిమో, దీన్ని తీద్దాంరా," అన్నాడు బావ.

"బావా, ఇది కారు కాదు, గట్టు. తీస్తే చేను వాగులోకి పోతుంది," అన్నాను.

"ముందు గట్టు కడదాం. తర్వాతే కారు."

అన్నట్టే తీగవల కట్టి, రాళ్లు పోసి, కొత్త గట్టు లేపాకే బండి మీద పార వేశాడు. ఒక చెట్టువేరు ఎడమ కిటికీలోంచి లోపలికి వెళ్లి, స్టీరింగ్‌ని చుట్టుకుని, కుడి కిటికీలోంచి బయటికొచ్చింది. బావ ఆ వేరుని గొడ్డలితో కొట్టలేదు. చిన్న రంపం తెచ్చి ముక్క ముక్కగా కోశాడు. స్టీరింగ్ విడిపోయాక, దానిమీద రెండు చేతులూ పెట్టి, మట్టిలోనే కూర్చుండిపోయాడు. నేను పార పట్టుకుని పక్కకి జరిగాను. అలాంటప్పుడు మనిషిని కదిలించకూడదు.

తర్వాత ఏళ్లు గడిచాయి. అడుగురేకు మొత్తం కొత్తది వేశాడు. తలుపులు వేరే బండివి తెచ్చి కోసి అతికాడు. సొట్టలు తీసేటప్పుడు కళ్లు మూసుకుని అరచేత్తో రేకుని నిమిరేవాడు. "కన్ను మొహమాటానికి అబద్ధం చెబుతుందిరా, చెయ్యి చెప్పదు," అనేవాడు. ఇంజన్ పని నాది. "ఎలాగూ బానెట్ కింద దాక్కునేదే కదా, నువ్వు చూసుకో," అని దెప్పుతూ అప్పగించాడు. స్ప్రింగులు మార్చి బండిని నేలకి దించిన రోజు, ఆయన తల్లి సబీనా అత్తయ్య చూసి, "అయ్యో, కూలబడిపోయిందేంట్రా, మళ్లీ పాతిపెట్టేస్తావా?" అంది. మేమంతా పడీపడీ నవ్వాం.

ఇక రంగే మిగిలింది. అప్పుడు మొదలైంది దగ్గు.

మాస్కులంటే ఎరగని రోజుల్లో, ముక్కుకి రుమాలు కట్టుకుని ఎన్ని బళ్లకి రంగు కొట్టాడో లెక్కలేదు. ఆ ఆవిరంతా ఊపిరితిత్తుల్లో పేరుకుందని శాంటా ఫేలో డాక్టరు చెప్పాడు. ఇకపై స్ప్రే గన్ పట్టుకోవద్దన్నాడు. బావ గొర్రెల సంతలో బేరమాడినట్టు ఆడాడట. ఒక్కసారి, ఒక్క బండికి, మంచి మాస్కు పెట్టుకుని. డాక్టరు ఔనలేదు. అక్క వారం రోజులు మాట్లాడలేదు. చివరికి తనే అంది: "వెయ్యి. వేసుకో. వేశాక ఆ గన్ని నా చేతికియ్యి, నీ కళ్లముందే సుత్తితో కొడతాను."

"సరే," అన్నాడు బావ.

ఆయన కోరుకున్న ఎరుపు మామూలు ఎరుపు కాదు. ఎండుమిరపకాయని సూర్యుడికి అడ్డంగా పట్టుకుంటే తొడిమ దగ్గర వెలిగే ఎరుపు. దానికి అడుగున బంగారు రంగు వెయ్యాలి. దానిమీద గాజులా పల్చటి ఎరుపు, పొర మీద పొర. పొర పెరిగే కొద్దీ రంగు లోతెక్కుతుంది. ఒకచోట చెయ్యి ఆగితే మచ్చ పడుతుంది. దాన్ని గీకి దిద్దడానికి ఉండదు, ఒక్కచోట తప్పితే బండి మొత్తం మళ్లీ మొదటికే. ఆయన దగ్గర రెండోసారికి ఊపిరి లేదు. ఆ సంగతి మా అందరికీ తెలుసు.

ఆ రోజు పొద్దున్నే షెడ్డు నేలంతా తడిపాం. గుమ్మానికి ప్లాస్టిక్ తెర కట్టాం. ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగలేదు, నూనె పొగ రంగుకి పడదని. వాకిలి ఊడవకూడదు, తల దువ్వకూడదు. సబీనా అత్తయ్య బయట కుర్చీ వేసుకుని జపమాల తిప్పుతూ కూర్చుంది.

బావ రంగు కొడుతుంటే తెరలోంచి చూశాను. అబ్బ! మనిషి నడుస్తున్నట్టుండదు. బండి పొడుగునా ఒకే తీరుగా సాగిపోతాడు, గన్ని చివరంటా తీసుకెళ్లి గాలిలో వదిలి, మళ్లీ అదే ఎత్తులో వెనక్కి వస్తాడు. ఒక్కో పొరకీ ఆ బంగారం లోపలికి మునుగుతూ, ఎరుపు పైకి లేస్తూ వచ్చింది. గట్టులో తుప్పుపట్టి పడున్న రేకు ఇదేనా అనిపించింది.

పొరకీ పొరకీ మధ్య బయటికొచ్చి, మాస్కు తీసి, మోకాళ్లు పట్టుకుని దగ్గేవాడు. ఆఖరి పొరకి ముందు ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు. నేను వీపు నిమిరాను, అక్క నీళ్లు పట్టింది. గన్‌లో రంగు అప్పటికే వడకట్టి పోసి, లోపల కొక్కేనికి తగిలించి వచ్చాడు.

కాస్త తెరిపిన పడి లోపలికి వెళ్లాడు. బానెట్ కొట్టడం అయ్యిందో లేదో, గన్‌కి గాలి పంపే కంప్రెసర్ ఆపెయ్యమని అరిచాడు. వెళ్లి చూశాను. బానెట్ నిండా సన్నటి నలకలు.

"ఎవడు వచ్చాడు లోపలికి? తిమో, నువ్వేనా? నీ బూట్ల దుమ్మేనా?"

"నేను నీ పక్కనే ఉన్నాను కదా బావా!"

"మరి ఎక్కడిది ఇది?"

"నేనే వేశాన్రా," అంది సబీనా అత్తయ్య, తెర బయటినుంచి.

బావ మాస్కు తీసేశాడు. "ఏం వేశావమ్మా?"

"చర్చి మట్టి."

మా ఊరి చర్చి పక్కగదిలో, నేలలో చిన్న గుంట ఉంది. అందులో మట్టి రాసుకుంటే జబ్బులు పోతాయని ఎక్కడెక్కడి నుంచో నడిచొస్తారు. అత్తయ్య దాన్ని రుమాలు మూలన కట్టి తెచ్చింది. మేం బావ దగ్గర ఉన్నప్పుడు వెనకనుంచి వెళ్లి, గన్ డబ్బా మూత తీసి వేసింది. కొడుకు పని చూసీ చూసీ ఆ మూత ఎటు తిప్పాలో ఆమెకి బాగా తెలుసు.

"రంగులో మట్టి వేస్తారా అమ్మా ఎవరైనా?" అన్నాడు బావ.

"ఏం చెయ్యమంటావు? రొమ్ముకి రాస్తానంటే నా చెయ్యి తోసేశావు. నీళ్లలో కలిపిస్తే పారబోశావు. ఈ పాడు రంగయితే ఎలాగూ పీలుస్తావు కదా! దాంతో పాటు లోపలికి పోతుందనుకున్నాను."

బావ గన్ని కింద పెట్టి, ఇంట్లోకి వెళ్లి పడుకున్నాడు. అత్తయ్య కుర్చీలోనే ఉండిపోయింది. అక్క అన్నం వండింది కానీ ఎవరూ తినలేదు. నాకు ఆ ముసలావిడ మీద కోపం ముంచుకొచ్చింది, అంతలోనే కళ్లలో నీళ్లొచ్చాయి. రెండూ నిజమే.

మర్నాడు పొద్దున బావ నీళ్ల బకెట్టు, ఎమెరీ కాగితం పట్టుకుని వచ్చాడు. అంతా గీకేసి మళ్లీ మొదలుపెడతానన్నాడు. అక్క గుమ్మానికి అడ్డం నిలబడింది. "ముందు ఎండలో చూసుకో బావా," అన్నాను, ఆయన్ని ఒక్క నిమిషమైనా ఆపాలని. ఇద్దరం కలిసి బండిని వాకిట్లోకి తోశాం.

ఎండ బానెట్ మీద పడింది.

మా కొండల మట్టిలో అభ్రకం ఉంటుంది. వాన వెలిశాక వాగు ఇసుక తళుక్కుమనేది అందుకే. ఆ సన్నటి పొడి ఎరుపు లోపల, ఒక్కో లోతులో ఒక్కో రవ్వ, వెలుగుతోంది. కొన్ని నలకలు గరుకుగా పైకి లేచే ఉన్నాయి, కాదనను. తలుపులు, కప్పు నునుపుగా, అందంగా ఉన్నాయి. కానీ బానెట్ పక్కన అవి చచ్చినట్టున్నాయి.

బావ వంగి, కళ్లు మూసుకుని, గాలిలోనే అరచెయ్యి దాని మీదుగా నడిపాడు. తర్వాత తల్లి వైపు తిరిగాడు.

"ఎంత వేశావమ్మా?"

"మూడు వేళ్లకి వచ్చినంత."

"ఇంకా ఉందా?"

అత్తయ్య రుమాలు విప్పింది.

ఆఖరి పొర బానెట్‌కి మాత్రమే పడింది, మిగతా బండి అంతా దానికోసం కాచుక్కూర్చుంది. బావ రంగు కలిపాడు, అత్తయ్య మట్టి వేసింది. గన్ నింపి, దాన్ని నా వైపు చాచాడు. కడగడానికి కూడా ఎవరికీ ఇవ్వని గన్ అది. నేను పట్టుకున్నాక కూడా ఆయన వేళ్లు వెంటనే విడవలేదు.

"నావల్ల కాదు బావా."

"నావల్లా కాదురా. పట్టుకో."

నేను మాస్కు పెట్టుకుని తెర లోపలికి వెళ్లాను. బయట అత్తయ్య గొణుగుతోంది: "నువ్వు పీల్చకపోతే ఇక ఆ మట్టి ఎందుకు?" తెరలోంచి చూశాను. బావ చొక్కా గుండీలు విప్పి, ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

కంప్రెసర్ మొదలైంది. ఎడమ తలుపు, కప్పు, వెనక వంపు, కుడి తలుపు. ఎలా కొట్టానో నాకే తెలియదు. ఇక అయిపోయిందనుకుని గన్ దించబోయాను.

"కుడి తలుపు కింద పల్చబడింది," అన్నాడు బావ బయటినుంచి. "అక్కడ తొందరపడ్డావు. మళ్లీ ఒకసారి వెళ్లు."

ఆయన తెరకి వీపు పెట్టి కూర్చున్నాడు. తల్లి మట్టి చెయ్యి ఆయన రొమ్ము మీదుంది. నా చేతిలో గన్ చేసిన చప్పుడు తప్ప ఆయనకి మరేమీ అందలేదు. వంగి చూశాను. అక్కడ నిజంగానే బంగారం కనిపిస్తోంది.