కంటి బండి మునిరామయ్య

చిత్తూరులోని ఒక ధర్మసంస్థ పల్లెల్లో కంటి శిబిరాలు నడపడానికి 1978లో ఒక ట్రైలరు చేయించింది. జీపు వెనక తగిలించి తీసుకుపోయే ఆ బండిలో రెండు మడతమంచాలు, కంటి పరీక్ష దీపం, చిన్న ఫ్యాను, వాటికి కరెంటిచ్చే పన్నెండు వోల్టుల బ్యాటరీ ఉండేవి. దారిలో జీపు డైనమో నుంచి ఒక తీగ ద్వారా ఆ బ్యాటరీకి ఛార్జి చేరేది. జనం దాన్ని కంటి బండి అనేవారు.

ఆ బండి దీపాలకూ తీగలకూ బాధ్యుడు మునిరామయ్య. తిరుపతి ఐ.టి.ఐ.లో వైర్‌మన్ పని నేర్చినవాడు. ఏ బల్బు ఏ తేదీన మార్చిందీ చిన్న పుస్తకంలో రాసిపెట్టుకునేవాడు. కొలవనిదే మాట చెప్పడని అతనికి పేరు. అందుకే అతడు ఒక మాట చెబితే ఎవరూ తిరిగి అడిగేవారు కాదు.

1981 దసరా వెళ్లిన మూడో వారంలో ఐరాల హైస్కూలు వరండాలో శిబిరం జరిగింది. పగలు పదకొండు గంటలకు, డాక్టరు నలభై మూడో రోగి కంట్లోకి చూస్తుండగా దీపం ఎర్రబడి ఆరిపోయింది. మునిరామయ్య హైడ్రోమీటరు ముంచి బ్యాటరీలోని ఆమ్లం సాంద్రత చూశాడు. 1.260 ఉండవలసినది 1.140కి దిగి ఉంది, అంటే ఛార్జి దాదాపు అయిపోయింది. జీపు బ్యాటరీ విప్పి తెచ్చి తగిలిస్తే దీపం బాగానే వెలిగింది. కాబట్టి తీగల్లో లోపం లేదు, ఎవరో బ్యాటరీని ఖర్చు చేశారు. ముందురోజు మధ్యాహ్నం డ్రైవరు ఎల్లప్ప బండిలో నిద్రపోవడం అతడు కళ్లారా చూశాడు.

"ఎల్లప్పన్నా, నిన్న ఫ్యాను ఏసుకొని పండుకుంటివి గదా?" వరసలో ఉన్న అరవై మందీ వినేటట్టే అడిగాడు.

"పండుకున్న మాట నిజమే. ఫ్యాను తిప్పలేదప్పా."

"మీటరు అబద్ధం సెప్పదు."

"నీ మీటరు నిన్న నా పక్కన పండుకొని సూసిందా?"

జనం ఘొల్లుమన్నారు. ఆ నవ్వు తనమీదికి తిరిగిందని మునిరామయ్యకు చురుక్కుమంది.

"పేదోళ్ల కండ్లకని ఇచ్చిన కరెంటు నిద్రకు వాడుకున్నోనికి మాటలు మాత్రం బలే వస్తాయి!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. తనకంటే అయిదేళ్లు పెద్దవాడైన ఎల్లప్ప ముఖం పాలిపోయింది. తాళంచెవి జీపు బానెట్ మీద పెట్టి బోరింగు దగ్గరికి నడిచాడు. మునిరామయ్య ఆ సాయంత్రమే సంస్థ కార్యదర్శి పరంధామయ్యకు కాగితం రాసిచ్చాడు. వారం తిరక్కముందే ఎల్లప్పను పనిలోంచి తీసేశారు.

కొత్త డ్రైవరుగా మునెయ్య వచ్చాడు. అతన్నీ నమ్మక, మునిరామయ్య బ్యాటరీకి బయట నిండా ఛార్జి చేయించి, ఫ్యాను ఫ్యూజు తీసి తన పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నాడు. మూడు వారాలకు ఏర్పేడు శిబిరంలో దీపం మళ్లీ ఆరింది. ఫ్యూజు పెట్టెలోనే ఉంది.

"ఈ తూరి కరెంటు ఎవురు తాగినారన్నా?" అని మునెయ్య తమాషాకు అడిగాడు.

శిబిరం ముగిశాక మునిరామయ్య ట్రైలరును జీపుకు తగిలించి, ఇంజను నడపమన్నాడు. ఐరాలలో అతడు చేయని పరీక్ష అదే. వోల్టుమీటరు కొసల్లో ఒకటి బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకొకటి బండి చట్రపు ఇనుము మీద పెట్టాడు. కరెంటు తిరిగిపోయే దారి ఆ చట్రమే; ఆ రెంటినీ లావుపాటి తీగ కలుపుతోంది గనుక ముల్లు కదలకూడదు. అది ఒకటిన్నర వోల్టు దగ్గర నిలిచింది.

తీగ చట్రానికి బిగిసిన చోట, బోల్టు తల మీద, ఆయుధపూజ నాడు తాను పెట్టిన కుంకుమ ఇంకా ఉంది. బోల్టు విప్పాడు. కింద ఆకుపచ్చ రంగు దట్టంగా, కుంచె గీతలతో సహా కనిపించింది. తుప్పు పట్టిన బండిని పూజకు నిలపకూడదని, ముందురోజు అక్కడ గీకి, రంగు పూసి, ఆరాక తీగను మళ్లీ బిగించింది తానే. రంగు కరెంటును పోనివ్వదు. బోల్టు మరచుట్లు ఇనుముకు తగిలిన కాస్త చోటు గుండా దీపానికి సరిపడేంత పోయింది, ఛార్జికి కావలసినంత పోలేదు. ఐ.టి.ఐ.లో మొదటి ఏడు చెప్పే పాఠం.

ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకి బిగించాడు. ముల్లు సున్నాకు వచ్చింది.

"బలే పట్టినావన్నా!" అన్నాడు మునెయ్య. మునిరామయ్య తల ఎత్తలేకపోయాడు.

మర్నాడు తప్పు తనదేనని రాసి పరంధామయ్యకు రెండో కాగితం ఇచ్చాడు. ఆయన చదివి మడిచి, "రిపేరు అయిపోయింది గదా, ఇప్పుడిదంతా తవ్వుకోవడం దేనికి? ఎల్లప్పకు పాలవ్యానులో పని దొరికిందంట. కావాలంటే పిలుస్తాంలే" అన్నాడు. అంత తేలిగ్గా తప్పించుకునే దారి ఉండడమే మునిరామయ్యను మరింత కుంగదీసింది.

ఆదివారం పొద్దున ఎల్లప్ప ఇంటికి వెళ్లాడు. అతని భార్య నాగరత్నమ్మ గడపలోనే నిలబడింది.

"ఈడ ఫ్యాను లేదు. కావాలంటే లోపలికొచ్చి సూసుకో."

ఎల్లప్ప ఆమెను వారించి, మునిరామయ్యను అరుగు మీద కూర్చోబెట్టి, అతడు చెప్పిందంతా చివరిదాకా విన్నాడు.

"పనిలోకి తిరిగి రా అన్నా. పరంధామయ్యగారు పిలుస్తానన్నారు."

"పాలవ్యాను బాగుండాది. ఆడ నాకు మీటరు పెట్టేవాళ్లు లేరు. నన్ను అనింది ఐరాలలో గదప్పా. ఈడికొచ్చి సెప్తావేం?" అన్నాడు.

తరువాతి ఐరాల శిబిరంలో మునిరామయ్య వరండా మెట్టెక్కి నిలబడ్డాడు. వరసలో డెబ్బై మందికి పైగా ఉన్నారు, అందరూ కొత్తవాళ్లే. ఎల్లప్ప ఎవరో, అతనిపై పడిన నింద ఏమిటో వాళ్లకు తెలియదు. నిందను వెనక్కి తీసుకోవాలంటే, ముందు దాన్ని తన నోటితోనే వాళ్లందరికీ చెప్పాలి. చెవులు కాలిపోతుండగా చెప్పాడు. తొందరతొందరగా.

"అయితే నిద్రపోయిందెవురప్పా?" వెనకనుంచి ఒక ముసలాయన అరిచాడు.

"ఎల్లప్పన్న నిద్రపోయినాడు. కరెంటుకు అడ్డంపడింది నేను పూసిన రంగు."

"ఏం రంగు? అర్థం కాలా!"

కొందరు నవ్వారు. డాక్టరు లోపలినుంచి తొంగిచూశాడు. మునిరామయ్య, "మళ్లా మొదట్నుంచీ సెప్తాను, ఇనండి" అన్నాడు.