ఎమ్మెల్యే చెవి దగ్గరి మనిషి

యాకూబ్‌కు పదవి లేదు, జీతం లేదు. ఉన్నదల్లా జీపులో ఒక సీటు. ఎమ్మెల్యే శంకరప్ప ముందు కూర్చుంటే సరిగ్గా ఆయన చెవి వెనకుండే సీటు. దానిమీద యాకూబ్‌కున్న మమకారం ఎమ్మెల్యేకు తన కుర్చీమీద కూడా ఉండదు.

శంకరప్ప మొదటిసారి నిలబడినప్పుడు ఓడిపోయాడు. ఎందుకు ఓడాడో ఆయనకు తప్ప అందరికీ తెలుసు. మనిషి మంచివాడే గాని, మొహాలు గుర్తుండవు. పెళ్లికి పోయి, పెళ్లికొడుకును వదిలేసి పక్కనున్న బావమరిదిని దీవించి వచ్చిన ఘనుడు! ఆ ఓటమి తర్వాతే ఆయనకు పుంగనూరు బస్టాండులో యాకూబ్ దొరికాడు.

యాకూబ్ ఇరవై ఏళ్లు మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం పోయే ప్రైవేటు బస్సులో కండక్టరు. ఎవరి కూతురిని ఏ ఊరికిచ్చారో, ఎవరి ఆవు ఎప్పుడు ఈనిందో అన్నీ నోటికే. బస్సు మూలబడగానే జీపెక్కాడు. పల్లె రాగానే ముందుకు వంగి, "పచ్చ చీర పాపమ్మ, మనవరాలు నర్సింగు సదవతాంది" అని చెవిలో ఊదేవాడు. శంకరప్ప దిగుతూనే, "ఏం పాపమ్మా, మనవరాలి సదువు యాడికొచ్చింది?" అనేవాడు. పాపమ్మ మురిసిపోయేది. అట్లా రెండుసార్లు గెలిచాడు. రెండోసారి మెజారిటీ మూడు వందల పన్నెండు.

"ఆ మూడు నూర్లూ నా నోటి చలవే" అని యాకూబ్ ఇంట్లో గొప్పలు పోయేవాడు.

"పాపం, ఆ పన్నెండన్నా ఆయనకు ఇడిసిపెట్నావు" అనేది భార్య బద్రున్నీసా.

నాలుగో ఎన్నికలకొచ్చేసరికి యాకూబ్ కళ్లలో శుక్లాలు ముదిరాయి. ఎదుటి మనిషి పొగమంచులో ఉన్నట్టుండేవాడు. ఆపరేషను చేయించుకొమ్మని బద్రున్నీసా పోరుతూనే ఉంది. "ఓట్లు అయిపోనీ" అని దాటేసేవాడు. అసలు భయం వేరే. చూపు లేనివాడికి ఆ సీటు ఎవరిస్తారు? నల్లద్దాలు పెట్టుకుని, నడకను బట్టి, గొంతును బట్టి మనుషుల్ని పోల్చుకుంటూ నెట్టుకొచ్చాడు.

పోలింగు ఇంకా పన్నెండు రోజులుందనగా ఒక పల్లెలోకి జీపు మళ్లింది. మలుపులో పెద్ద ఫ్లెక్సీ. దానిమీద నిలువెత్తున ఆ ఊరి చెంగయ్య మొహం, చుట్టూ పూలదండ. అక్షరాలు ఆనలేదు. ఈ మధ్య పల్లెల్లో మనిషి పోతే ముందు లేచేది ఫ్లెక్సీయే కదా. అవతలివైపు దండాలు పెడుతున్న శంకరప్ప చెవిలో, "చెంగయ్య పోయినాడన్నా. పెండ్లాం రంగనాయకమ్మను పలకరించల్ల" అన్నాడు.

శంకరప్ప చెంగయ్య వాకిట్లోకి పోయి రంగనాయకమ్మ రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఎంత పనైపాయమ్మా! చెంగయ్య మాదిరి మనిషి ఈ మండలంలో ఇంకొకడు ఉండాడా? నోట్లో నాలిక లేనోడు. దేముడికి కండ్లు లేవు తల్లీ!" ఆయన కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి.

రంగనాయకమ్మ వెనక్కి తిరిగి చూసింది. పశువుల కొట్టంలోంచి పాలక్యాను పట్టుకుని చెంగయ్య వచ్చాడు.

"నాకేమయిందప్పా?"

తర్వాత తెలిసింది, ఆ ఫ్లెక్సీ చెంగయ్య షష్టిపూర్తికి అల్లుడు కట్టించింది.

శంకరప్ప మొహం మాడిన దోసెలా అయింది. యాకూబ్ తడుముకుంటూ జీపు దిగాడు.

"తప్పు నాదమ్మా. అన్నకు తెలీదు. నాకు కండ్లు కనపడవు, ఆరునెల్లయింది. సీటు పోతాదని దాచిపెట్నా." శంకరప్ప వైపు తిరిగాడు. "ఏరే మనిషిని పెట్టుకోన్నా."

ముందు నవ్వింది చెంగయ్యే. "సచ్చినాక నన్ను ఏమంటారో బతికుండంగానే ఇన్నాను. ఈ అదృష్టం ఎవురికుంటాది?"

"సావు కబురు అబద్ధమయితే ఆయుస్సు పెరుగుతాదంట, మంచిదేలే" అని రంగనాయకమ్మ తేరుకుంది. తర్వాత శంకరప్పకేసి చూసింది. "ఏమప్పా, ఆయప్ప నీ చెవిలో ఊదేది మాకు కనపళ్లేదనుకుంటివా? నీకు మా పేర్లు తెలుసని ఓటెయ్యలేదు మేము. మా పేర్లు తెలిసిన మనిషిని పక్కన పెట్టుకున్నావని ఏసినాము. ఆయప్పను దించితే సూడు మళ్ల!"

యాకూబ్ అక్కడే జీపు కమ్మీ పట్టుకుని ఏడ్చేశాడు. శంకరప్ప ఆయన్ను చెయ్యి పట్టి ఎక్కించి, జీపు మదనపల్లె కంటాసుపత్రికి తిప్పమన్నాడు.

"ప్రచారం?" అన్నాడు యాకూబ్.

"నాకు నోరు లేదా? పేర్లు నేనే అడుక్కుంటా."

అడుక్కున్నాడు కూడా. ప్రతి వాకిట్లో, "మా యాకూబుకు కండ్ల ఆపరేషను, నీ పేరేందో నువ్వే చెప్పల్ల తల్లీ" అన్నాడు. జనం పేర్లు చెప్పారు, యాకూబ్ బాగోగులు అడిగారు, ఓట్లూ వేశారు. ఈసారి మెజారిటీ రెండు వేలు దాటింది.

గెలిచిన సాయంత్రం శంకరప్ప దండలతోనే పుంగనూరులో యాకూబ్ ఇంటికి వచ్చాడు. యాకూబ్ నల్లద్దాలు తీసి ఆయన్ను ఆ కొసనుంచి ఈ కొసదాకా చూశాడు.

"ఏందన్నా, ఎంటికలు ఇంత తెల్లబడిపోయినాయి?"

"సీటు కాళీగా ఉండాది. రేపు ఎన్ని గంటలకొస్తావు?" అన్నాడు శంకరప్ప. ఇద్దరి కళ్లూ ఒక్కసారే నిండాయి.

"ఆపరేషనయిన కండ్లప్పా అవి, ఏడిపించొద్దు!" అని బద్రున్నీసా ఎమ్మెల్యేను కసిరి, ఇద్దరికీ తలా ఒక గ్లాసు టీ ఇచ్చింది.