అమ్మ గొంతులో రోమా సామ్రాజ్యం

మా చిన్నప్పుడు రాజోలులో మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఇంటి తలుపులు, కిటికీలు మూసేసేవారు... అమ్మ టేపు రికార్డరు ముందు కూర్చునేది. పిల్లలం కిక్కురుమనకూడదు.

నాన్నగారు హైస్కూల్లో సోషల్ మాస్టారు. ఆయన చూపు తగ్గిపోతోంది, ఇక నిలవదని డాక్టరు తేల్చేశాడు. ఆయనకు ప్రాణమైన రోమా సామ్రాజ్య చరిత్రను ఆలోగా క్యాసెట్లలో చదివిపెడతానని అమ్మ పూనుకుంది. ఆదివారం చర్చిలో వాక్యం చదివేది తనే మరి... పాత పాటల క్యాసెట్లు మళ్లీ రికార్డయ్యేలా వాటి అంచు చిల్లుల్లో కాగితం కుక్కి, ఆ పాటల మీదే రికార్డు చేసేది.

ఓసారి చక్రవర్తిని సొంత సైనికులే పొడిచి చంపిన అధ్యాయం ముగించి, అలవాటు కొద్దీ "ఈ వాక్యమును దేవుడు దీవించును గాక, ఆమెన్" అనేసింది. నాన్నగారు పడీ పడీ నవ్వారు. చెరపబోతే ఉండనిమ్మన్నారు. మా ఇంట్లో అంత నవ్వు మళ్లీ వినలేదు.

వానలు మొదలయ్యాయి. పుస్తకంలో సరిహద్దులు ఒక్కొక్కటే జారిపోతున్నాయి... అమ్మకు దగ్గు పట్టుకుంది. మిరియాల పాలకూ లొంగలేదు.

ఒకరోజు నాన్నగారు మొదటి క్యాసెట్టూ, కొత్త క్యాసెట్టూ వెంట వెంటనే పెట్టించుకుని విన్నారు. ఆయన ముఖం నల్లబడిపోయింది.

"నీ గొంతులో ఏదో ఉంది. రేపే కాకినాడ వెళ్దాం" అన్నారు.

"ఇంకొంచెమేనండి... అయిపోయేక వెళ్దాం. మీకు మళ్లీ ఎవరు చదువుతారండీ?" అంది అమ్మ.

ఆయన బతిమాలారు, కోప్పడ్డారు, అన్నం మానేశారు. అమ్మ వినలేదు. అప్పట్నుంచి ఆ తలుపులు మూస్తుంటేనే నాకు భయమేసేది. లోపల నగరాలు తగలబడుతుండేవి... మధ్యమధ్యలో అమ్మ దగ్గు.

చివరికి ఓ వాక్యం మధ్యలో గొంతు ఆగిపోయింది. కాకినాడలో ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది, మాట దక్కలేదు. ఆ ఏడాదే నాన్నగారి చూపూ పూర్తిగా పోయింది.

చూడలేని మనిషికి మాట్లాడలేని మనిషి ఏం చెప్పగలదు... అమ్మ ఆయన అరచేతిలో వేలితో రాసేది. మొదటిసారి రాసింది నాన్నగారు పైకే చదివారు. "పుస్తకం పూర్తి చెయ్యలేకపోయేను, క్షమించండి." ఆ చెయ్యి పట్టుకుని ఆయన ఏడ్చేశారు.

ఇప్పుడా పుస్తకం ఫోనులోనే దొరుకుతోంది. ఎవరో ఎక్కడా తడబడకుండా చివరిదాకా చదివారు. అమ్మ ఆపేసిన చోటు దాకా విని నేనూ ఆపేస్తాను... ఆ తర్వాత వినడానికి మనసు రాదు.

మీ ఇంట్లో మీకోసం చదివిపెట్టిన గొంతు ఎవరిది? చెప్పండి... ఆ గొంతు ఇంకా పలుకుతుంటే, ముందు వెళ్లి కాసేపు వినండి.