వెనక బండి ముందుకు పోయిన రోజు

ఉద్యోగ విరమణకు మూడేళ్ల ముందు, ఒక ఫిబ్రవరి మొదటి వారంలో, గిద్దలూరు నుంచి త్రిపురాంతకం దాకా మూడు రోజుల సైకిల్ యాత్రకు మార్గం సిద్ధం చేయమని నాకు ఉత్తర్వు వచ్చింది. అప్పట్లో నేను పర్యాటక విభాగంలో మార్గాధికారిని. పేరు ఘనంగానే ఉంటుంది గానీ, హోదా జిల్లా అధికారికి రెండు మెట్లు కింద, జీపు డ్రైవరుకు ఒక మెట్టు పైన. యాత్రికులు ఎక్కడ ఆగాలి, ఎక్కడ నీళ్లు తాగాలి, మరుగుదొడ్డి ఎక్కడుంది అన్నవి ముందుగా తిరిగి చూసి కాగితం మీద పెట్టడం నా పని. ఆ కాగితాన్ని రూట్ షీట్ అంటాం.

ఉత్తర్వుతో పాటే రంగుల కరపత్రం కూడా అచ్చయి వచ్చింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. అందులో ‘నదీ లోయల్లో, ద్రాక్షతోటల నడుమ, చారిత్రక కోటల నీడన తీరిగ్గా సైకిల్ మీద’ అని ఉంది. చదివి తల పట్టుకున్నాను. నేను పుట్టి పెరిగింది మార్కాపురంలో. మాకు నది అంటే గుండ్లకమ్మ, ఏడాదిలో ఎక్కువ నెలలు అందులో ఇసకే కనిపిస్తుంది. కోట అంటే దారిలో ఒక పల్లెలో మిగిలిన ఒకే ఒక్క బురుజు, దాని నీడన గేదెలను కట్టేస్తారు. ద్రాక్షతోట కోసం మాత్రం నాలుగు రోజులు జీపులో తిరిగాను. కంభానికీ మార్కాపురానికీ మధ్య ఒకటంటే ఒకటి దొరికింది.

అది రోశయ్యది, రెండెకరాలు. మిరప, కంది, బత్తాయి తప్ప ఇంకో పంట ఎరగని ఊళ్లో ద్రాక్ష పెట్టి అందరిచేతా నవ్వించుకున్న మనిషి. రాతి స్తంభాలు పాతి, తీగల పందిరి తన చేతులతోనే అల్లుకున్నాడు. పండు బాగానే కాసేది. కొనేవాడే ఆ మూలకు వచ్చేవాడు కాదు. తీగలు కొట్టేసి బత్తాయి పెట్టమని ఇంట్లోవాళ్లు పట్టుబట్టి ఉన్నారు. మధ్యాహ్నం విడిది నీ తోటలోనే పెడతాను, నెలకు రెండు జట్లు వస్తాయి, అన్నం పెట్టి పండ్లు అమ్ముకోవచ్చు అని నేను చెప్పాను. ఆయన కాసేపు పందిరి వంక చూసి, “రూటు ఖాయమైతే తోట ఉంటాదక్కా. కాకుంటే ఉగాది లోపల పీకేస్తా. మా అన్నకు మాటిచ్చినా,” అన్నాడు.

ఖాయం కావాలంటే ట్రయల్ రన్ జరగాలి. ఎనిమిది మంది మామూలు మనుషులతో మార్గమంతా ఒకసారి తొక్కించి చూడటం అన్నమాట. విడిది చేరకముందే ఎవరైనా ఏ బండి అయినా ఎక్కి కదిలితే, వాళ్ల పేరు ఎదురుగా ‘తెగింది’ అని రాయాలి. రెండు తెగితే పర్వాలేదు. మూడోది తెగితే మార్గం ఆ ఏటి జాబితాలోంచి పోతుంది. అయితే అలసినవాళ్లు ఆగి ఉన్న జీపులో అరగంట నడుం వాల్చి మళ్లీ తొక్కవచ్చు. చక్రం కదలనంతవరకు తెగినట్టు కాదు. అందుకే జీపు ఎప్పుడూ ఆఖరి సైకిలు వెనకే రావాలి. దాన్ని వెనక బండి అంటాం. ఇవన్నీ రోశయ్యకు కూడా విడమరచి చెప్పాను. తన తోట ఎందుమీద ఆధారపడి ఉందో ఆయనకు తెలియాలి కదా.

హైదరాబాదు నుంచి, బెంగుళూరు నుంచి వచ్చిన ఎనిమిది మందీ యాభై ఐదు దాటినవాళ్లే. అందరికంటే పెద్ద కామేశ్వరరావు గారు, డెబ్బై ఏళ్ల రిటైర్డు లెక్చరరు. అందరికంటే నెమ్మది కూడా ఆయనే. పిట్ట కనిపిస్తే ఆగుతారు, పిట్ట ఎగిరిపోయాక కూడా ఆగే ఉంటారు.

మొదటిరోజు గిద్దలూరు దాటాక, బేస్తవారిపేట ఇంకా రాకముందే మొదటి పేరు తెగింది. ఒకాయన ఫోటో తీసుకోవడానికి ఆగితే పాల వ్యాను వచ్చి ఆగింది. ఇద్దరు దిగి ఆయన సైకిలును క్యాన్ల మీదికి ఎక్కించారు, ఆయన్ను ముందు సీట్లో కూర్చోబెట్టారు. వద్దు వద్దన్నారట. మా వైపు వద్దంటే మొహమాటం అని అర్థం. అన్నం దగ్గరైనా బండి దగ్గరైనా మూడుసార్లు బలవంతం చేయకపోతే అది పిలుపే కాదు. జీపులో వెంటపడి ఆ వ్యాను డ్రైవరును పట్టుకుని కేకలేశాను. అతను బిత్తరపోయి, “ఎండలో పెద్దాయన సైకిల్ తొక్కుతుంటే సూసి ఎట్ల పోతాం మేడం? బస్సు తప్పిపోయినట్టుండాదని ఎక్కిచ్చినాం,” అన్నాడు. వాణ్ణి తిట్టాలా, మెచ్చుకోవాలా?

రెండోది మర్నాడు పొద్దున కంభం దాటగానే. మిరపకోతకు పోయే ఆడవాళ్లతో ట్రాక్టరు ఒకటి వస్తోంది. ఆ కూలి ముఠాకు పెద్ద మార్తమ్మ. మా జట్టులో నిర్మల గారనే ఆవిడను చూసి మార్తమ్మ ట్రాక్టరు ఆపించింది. “ఈ వయసులో సైకిల్ తొక్కిస్తుండాడంటే, వాడేం మొగుడు తల్లీ?” అని అడిగింది. ఆ మొగుడు గారు అరకిలోమీటరు ముందర హాయిగా తొక్కుకుంటూ పోతున్నారు. నిర్మల గారికి నవ్వాగలేదు. నవ్వుతూ సైకిలు దిగారు. అదే ఒప్పుకోలు అనుకుని నలుగురు రెక్కలు పట్టి పైకి లాగేశారు. మొగుడి మనసు మారాలని ఆదివారం ప్రార్థన చేయిస్తామని కూడా మాటిచ్చారట. నేను అందుకునేసరికి కిలోమీటరున్నర అయిపోయింది.

నాకు తిక్క రేగింది. ఎత్తుపల్లాలు కొలిచాను, బోరింగులు లెక్కపెట్టాను, కుక్కలున్న వీధులు కూడా గుర్తు పెట్టాను. దారి పొడుగునా మనుషుల మంచితనం ఇట్లా అడ్డం పడుతుందని ఏ శిక్షణలోనూ ఎవరూ చెప్పలేదు. ఇంకొక్క పుణ్యాత్ముడు తగిలితే మార్గం పోతుంది, దాంతోపాటు రోశయ్య తోట పోతుంది.

అప్పుడు జీపు డ్రైవరు మస్తాన్ ఉపాయం చెప్పాడు. “మొక్కని చెప్పండి మేడం. త్రిపురాంతకం సామికి సైకిల్ మొక్కు. ఇంగ ఎవురూ ముట్టుకోరు.” నిజమే. శివరాత్రి ముందర మా దారుల్లో మొక్కుకుని నడిచి పోయేవాళ్లు కనిపిస్తారు. వాళ్లను ఎవరూ బండి ఎక్కమనరు. ఎక్కిస్తే మొక్కు చెడుతుంది, చెడగొట్టిన పాపం ఎక్కించినవాడికి చుట్టుకుంటుందని నమ్మకం.

నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. సైకిళ్ల కంటే ముందే జీపులో పోయి ఊరూరా ఆ మాట చెప్పడం మొదలుపెట్టాను. రోశయ్య తోట దగ్గర ఆగి, ఇప్పటికే రెండు తెగాయి, నువ్వూ ఇట్లాగే చెప్పు అన్నాను. ఆయనకు నచ్చలేదు. “దేవుడి పేరెందుకక్కా?” అన్నాడు. నీ తోట కోసమే అని కసిరి ముందుకు పోయాను. వెనక బండి ముందుకు పోవడం నిబంధనకు విరుద్ధమని తెలియక కాదు. ఒక గంటే కదా అనుకున్నాను.

మొక్కు మాట పనిచేసింది, కావలసినదానికంటే ఎక్కువే పనిచేసింది. బండి ఎక్కించడం మానేసి పూజలు మొదలుపెట్టారు. ప్రతి ఊరి మొదట్లో కాళ్లకు నీళ్లు, చెంబుల నిండా మజ్జిగ, అరటిపండ్లు, సైకిలు టైర్లకు పసుపూ కుంకుమ. మా వాళ్లు వద్దన్నారు. వద్దంటే ఏమవుతుందో ముందే చెప్పాను. పదకొండింటికి చేరాల్సినవాళ్లు ఒంటిగంటకు పొట్టలు పట్టుకుని తోటకు చేరారు. అక్కడ రోశయ్య భార్య తెల్లవారుజామునే లేచి జొన్నరొట్టెలు, నాటుకోడి కూర చేసి పెట్టింది. సాములను చూడాలని వెంట వచ్చిన జనం కంచె పొడవునా నిలబడి ఉన్నారు. వాళ్ల ఎదుట కోడి ముక్క ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేకపోయింది. కూర చల్లారిపోయింది.

ఈ సంగతులు నేను తర్వాత విన్నవి. ఆ వేళకు నేను తోట దాటి అవతలి పల్లె రచ్చబండ దగ్గర అదే అబద్ధం ఐదోసారి చెబుతున్నాను. అక్కడ ఫోను సిగ్నల్ కూడా లేదు.

తిరిగి వచ్చేసరికి ద్రాక్ష పందిరి కింద నులక మంచం మీద కామేశ్వరరావు గారు పడుకుని ఉన్నారు. తల మీద తడి తువ్వాలు. రోశయ్య భార్య ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు గ్లాసుతో తాగిస్తోంది. పక్కన ట్రాక్టరు, ట్రాలీలో ఆయన సైకిలు. ఆ సైకిలు చూడగానే నాకు సంగతి అర్థమైంది.

తోటకు నాలుగు కిలోమీటర్ల ఇవతల ఎండదెబ్బకు ఆయనకు కళ్లు తిరిగాయి. దారి పక్కన కూలబడి వెనక్కి చూశారు. వెనక బండి లేదు. “ఇద్దరు ఆటోవాళ్లను దణ్ణం పెట్టి అడిగానమ్మా, ఎక్కించుకోండి అని. వాళ్లు తిరిగి నాకే దణ్ణం పెట్టి వెళ్లిపోయారు,” అన్నారాయన. ఆయన మాటల్లో కోపం లేదు, అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది. రెండో ఆటోవాడు తోట దగ్గర ఆగి, ఒక సామి బండి ఎక్కిచ్చుకోమని అడిగినా తాను మొక్కు చెడగొట్టలేదని గొప్పగా చెప్పుకున్నాడట. వింటూనే రోశయ్య ట్రాక్టరు తీశాడు.

రూట్ షీట్ నా చేతిలో ఉంది. రోశయ్య ఎక్కించింది మూడో మనిషినని ఆయనకు నేను గుర్తు చేయనక్కరలేదు. కామేశ్వరరావు గారే మెల్లగా లేచి కూర్చుని, ఎవరికి తెలుస్తుంది, రాయకండి, కావాలంటే సాయంత్రం వెనక్కి పోయి ఆ నాలుగు కిలోమీటర్లూ తొక్కుతాను అన్నారు. నా కలం ఆగింది. నిజం చెప్పాలంటే, రాయకూడదనే నిశ్చయించుకున్నాను.

రోశయ్య నా పక్కకు వచ్చి కాగితం వంక చూశాడు. “రాసెయ్యక్కా. పొద్దున్నుంచి ఒక అబద్ధం చాల్లే. రెండోది నా తోట మీద పెట్టొద్దు,” అన్నాడు.

రాశాను. మూడో పేరు ఎదురుగా ‘తెగింది’ అని, కారణం అనే గడిలో ‘వెనక బండి స్థానంలో లేదు’ అని రాసి సంతకం పెట్టాను. దాని మీద నాకు మెమో వచ్చింది, సంజాయిషీ ఇచ్చుకున్నాను. మార్గం ఆ ఏటి జాబితాలోంచి పోయింది. మరుసటి ఏడు ఆ పథకాన్నే ఎత్తేశారు.

ఉగాదికి వారం ముందు ఆ దారిన పోతూ తోట దగ్గర ఆగాను. కూలి ముఠా తీగలు కోసి కుప్పలు వేస్తోంది. ముఠా పెద్ద మార్తమ్మే. రోశయ్య అవతల బోరు దగ్గర ఉన్నాడు, దూరం నుంచే చెయ్యెత్తాడు గానీ దగ్గరికి రాలేదు. మార్తమ్మ నన్ను గుర్తుపట్టి, ఆ సైకిలమ్మ మొగుడికి బుద్ధి వచ్చిందా అని అడిగింది. ఎవరి బలవంతమూ లేదు, మొక్కూ లేదు, వాళ్లు సరదా కోసం తొక్కారు అని చెప్పాను.

ఆమె చేతిలో కొడవలి ఆగింది. “ఆ మాట ఆ పొద్దే చెప్పింటే దించేసి పోతుంటిమి గదమ్మా. సరదా అంటే మాకు తెలీదా ఏంది?” అని మళ్లీ వంగి తీగ కోసింది.

ఆ తర్వాత నేను తయారుచేసిన ప్రతి రూట్ షీట్ పైన రెండు వాక్యాలు చేత్తో రాసేదాన్ని. వెనక బండి వెనకే ఉండాలి. దారి పక్కవాళ్లకు ఉన్న మాట చెప్పాలి. మొదటిది నిబంధనల పుస్తకంలో ముందే ఉంది. రెండోది మార్తమ్మ చెప్పేదాకా నాకు తెలియలేదు.