దువ్వెనతో పెట్టిన కప్ప కూత

ఈ సంగతి ఇన్నేళ్లుగా నా దగ్గరే ఉండిపోయింది. మా ఆవిడకు చెప్పలేదు. మా సార్ పోయేదాకా ఆయనకూ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి అడిక్‌మెట్‌లోనే ఉంటుంది, నెలకోసారి ఫోన్ చేస్తుంది, నన్ను అన్నా అని పిలుస్తుంది. ఆమెకు అసలే చెప్పలేదు. ఆమెకు తెలిసేలోపు మీకు చెప్పి చూస్తాను. మీరు నన్నెరగరు, నేను మిమ్మల్నెరగను, కాబట్టి నోరు కాస్త సులువుగా తిరుగుతుందేమో.

వింటే మీకు నవ్వొస్తుంది. నవ్వండి. నాకూ చాలాసార్లు నవ్వొచ్చింది, నా బాధ కూడా అదే. ఖూనీ చేసినవాడు కనీసం ముఖం గంభీరంగా పెట్టుకోవచ్చు. నేను చేసింది కప్పలా కూయడం.

తొంభైల నడుమ మాట. నారాయణగూడలో ఒక పాత బంగళా, అందులో ఒక చిన్న పరిశోధన సంస్థ. పేరు చెప్పను, ఇప్పుడా బంగళా కూడా లేదు. మేడ మీద గది నిండా సీసాలు, సీసాల నిండా స్పిరిట్, స్పిరిట్‌లో కప్పలు. కప్పలకు పేర్లు పెట్టడం మా సార్ పని. ప్రతి వానాకాలం పశ్చిమ కనుమల అడవులకు వెళ్లి, దొరికినవి తెచ్చుకుని, మిగతా ఏడాదంతా వాటిని కొలుస్తూ కూర్చునేవారు. మూతి నుంచి వెనక దాకా ఎంత, కంటికీ ముక్కుకీ మధ్య ఎంత, కాలివేళ్ల నడుమ తోలు ఎంతవరకు వచ్చింది. ఎవరూ ఎక్కడా రాయని కప్ప అని తేలిందంటే ఆ వారమంతా ఆయన కొత్త పెళ్లికొడుకులా తిరిగేవారు. నేను ఆయన దగ్గర రీసెర్చ్ స్కాలర్‌ని. అశోక్‌నగర్‌లో కిరాయి గది. చుట్టుపక్కల గదుల్లో అందరూ సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివేవాళ్లు. కప్పల గురించి చదివేవాణ్ణి నేనొక్కణ్ణే. వాళ్లు నన్ను జాలిగా చూసేవారు.

ఆ ఏడు అడవిలో మాకు బొటనవేలి గోరంత కప్ప ఒకటి దొరికింది. మట్టి రంగు. చూడటానికి అచ్చం అంతకుముందే పేరున్న ఒక కప్పలాగే ఉంది, కొలతల్లో వెంట్రుకవాసి తేడా. కూత మాత్రం పూర్తిగా వేరు. కంటికి ఒకటిగా కనిపించే కప్పల్ని కూతను బట్టి విడదీయడం మా దగ్గర అప్పుడప్పుడే మొదలైంది. కాబట్టి ఇది కొత్త కప్ప అని చెప్పడానికి మాకున్న గట్టి సాక్ష్యం దాని గొంతే. సార్‌కు మోకాళ్ల నొప్పులు. ఆయన కొండ కింద గెస్ట్‌హౌస్‌లో ఉండిపోతే నేనొక్కణ్ణే టేప్ రికార్డర్ గొడుగు కింద పెట్టుకుని వాగు వెంబడి ఎక్కాను. పట్టపగలే చీకటిగా ఉంది. సాక్సుల్లో జలగలు. వాగు పక్కన ఒక రాయి కింద నుంచి ఆ కూత వచ్చింది.

టక్.

అంతే. మళ్లీ అరకప్పు టీ తాగేంత సేపటికి ఇంకో టక్. ఇంత పేద కూత నేనెప్పుడూ వినలేదు. అరగంట రికార్డు చేసి, ఆ రాయి కిందే మూడు కప్పల్ని పట్టుకుని దిగాను. గెస్ట్‌హౌస్ వసారాలో సార్ నాకు ఎదురొచ్చారు. దీనికి మా అమ్మ పేరు పెడతానయ్యా, అన్నారు.

ఇక నా తెలివి వినండి. కాసెట్‌కు వెనక అంచున చిన్న ప్లాస్టిక్ ముక్క ఒకటి ఉండేది. దాన్ని విరిచేస్తే ఆ కాసెట్ మీద మళ్లీ రికార్డు కాదు. సార్ నేర్పిన ప్రకారం కప్ప కాసెట్‌కు ఆ ముక్క విరిచేశాను. కానీ పేరు డబ్బా మీద రాశాను, కాసెట్ మీద రాయలేదు. నాకు పాత పాటల పిచ్చి. చిక్కడపల్లిలో కాసెట్లు నింపిచ్చే షాపుకు పాటల జాబితాతో పాటు ఖాళీ కాసెట్ ఒకటి ఇచ్చాను. ఖాళీ కాసెట్ అనుకుని ఇచ్చాను. రెండు రోజుల తర్వాత వెళ్తే షాపాయన సంబరంగా చేతిలో పెట్టాడు.

"ట్యాబ్ ఇరిగిపోయుండె అన్నా. నేనే జర ప్లాస్టర్ అతికించి రికార్డ్ చేసిన. ఏం పరేషాన్ కాకు."

నేను గదికొచ్చి కాసెట్ పెట్టాను. రెండు వైపులా పాటలే. చాలా మంచి క్వాలిటీ.

సార్, కాసెట్ పాడైంది. మూడే మాటలు చెబితే సరిపోయేది. మరుసటి వానాకాలం మళ్లీ వెళ్లి రికార్డు చేసేవాళ్లం, ఒక ఏడాది పోయేది, సార్ రెండు రోజులు మాట్లాడేవారు కాదు. ఎందుకు చెప్పలేదు? తరిమేస్తారని భయపడ్డానా? భయపడ్డాను. కూత గ్రాఫు తీసేందుకు వేరే ఊరి లాబ్‌కు సార్ అప్పటికే ఉత్తరం రాశారు. కనిపించిన ప్రతివాళ్లకీ వాళ్లమ్మ పేరు చెబుతున్నారు. అయినా నిజం చెప్పాలంటే, నేను వినే ఉన్నాను కదా, అదే మళ్లీ చేస్తే తప్పేముంది అని కూడా అనుకున్నాను. తప్పు చేసేవాడికి లెక్కలు ఎంత బాగా కుదురుతాయో!

ఆదివారం మధ్యాహ్నం. మా వాటాలో నల్లా ఒంటిగంటకు వచ్చేది, వాగు శబ్దానికి అది కావాలి. బాత్రూంలో బకెట్ మీద నల్లా సన్నగా వదిలి, టేప్ రికార్డర్ సబ్బు గూట్లో పెట్టి, అగ్గిపెట్టె, దువ్వెన పట్టుకుని కూర్చున్నాను. అగ్గిపెట్టె మీద గోటితో కొడితే టక్ బాగానే వచ్చింది. కానీ వింటే మరీ బోడిగా ఉంది. దీన్ని వింటే ఎవడికైనా అనుమానం వస్తుందనిపించింది. అసలుది కూడా అంతే బోడిగా ఉందన్న సంగతి ఆ క్షణాన నాకు తట్టలేదు, లేక తట్టినా నాలోని కళాకారుడు ఒప్పుకోలేదు. దువ్వెన పళ్ల మీద గోరు గీశాను. ట్ర్ర్ర్. ఆహా, ఏం అందం! టక్, టక్, ట్ర్ర్ర్. అరగంటసేపు నేను ఈ లోకంలో లేను. ఓనరమ్మ తలుపు కొట్టి, "ఏంది బాబూ, బాత్రూంల కప్పలేమన్న జొచ్చినయా?" అని అడిగినప్పుడు భయం వేయలేదు సరికదా, గర్వంగా అనిపించింది.

సార్ కళ్లు మూసుకుని విన్నారు. అద్భుతం, అన్నారు. గ్రాఫు వచ్చింది, అచ్చయింది. వ్యాసంలో కూత గురించి పేరాగ్రాఫు నిండా వివరం: రెండు పొట్టి శబ్దాలు, ఆపైన ఒక పొడవాటి కంపనం. నేపథ్యంలో గుర్తు తెలియని ఒక పక్షి అని కూడా రాశారు. ఆ పక్షి ఓనరమ్మగారి కుక్కర్. ఆ రోజు పప్పు. సార్ హిమాయత్‌నగర్ నుంచి మిఠాయి తెప్పించి పంచారు, నేను రెండు తిన్నాను.

ఇక్కడితో ఆగి ఉంటే ఈ పాటికి నేనే నలుగురికీ చెప్పుకుని నవ్వించి ఉండేవాణ్ణి. మరుసటేడు సువర్ణ వచ్చింది.

వాళ్లది మహబూబ్‌నగర్ వైపు. అమ్మానాన్న అడిక్‌మెట్ బస్తీలో ఉంటూ బిల్డింగుల పనికి వెళ్లేవారు. ఆ బస్తీలో ఎమ్మెస్సీ చదివిన మొదటి పిల్ల. ఎవరు ఏం చెప్పినా నోట్‌బుక్కులో రాసుకునేది, టీ తాగుతూ కూడా రాసేది. సార్ ఆమెకిచ్చిన పని ఆ కప్పే. ఎక్కడ గుడ్లు పెడుతుంది, తోకకప్పలు ఎన్నాళ్లకు పెద్దవవుతాయి, అన్నీ చూడాలి. నా కాసెట్‌కు కాపీ తీసుకుని అడవికి వెళ్లింది. వాగు పక్కన కాసెట్ పెట్టి ఆ కూత వినిపిస్తే మగకప్పలు బదులు పలుకుతాయి, అదీ పద్ధతి. అంటే ఏమిటి? ఆ పిల్ల రెండు వానాకాలాలు, జలగల మధ్య, మా ఇంటి దువ్వెనను కప్పలకు వినిపిస్తూ కూర్చుంది.

రెండో ఏడు తిరిగొచ్చాక ఒక సాయంత్రం బంగళా మెట్ల మీద నా పక్కన కూర్చుంది. బాగా చిక్కిపోయింది. అయినా నవ్వుతూనే ఉంది.

"ఒక్కటి గూడ పలుకలే అన్నా. కాసెట్ అరిగిపోయింది గని కప్ప నోరు తెరువలే. నా మీదేమన్న కోపమున్నదో ఏమో!"

"వానలు సరిగా పడలేదేమో," అన్నాను.

"వానలు మస్తుగ పడ్డయ్. నేనే కొట్టుకపోయేదాన్ని." నోట్‌బుక్కు తెరిచి వేలు పెట్టి చూపించింది. "గని ఇది చూడు. ఎప్పుడు పోయినా ఇదొక్కటే వినొస్తది. టక్ అంటది. మళ్ల శానా సేపటికి ఇంకోటి. రాయి కిందికెల్లి వస్తది. గిదేంది అన్నా?"

నాకు బాగా గుర్తు. నీలం సిరా, తడిసి అలుక్కుపోయిన పేజీ. తేదీ, టైము, వాగు పేరు, ఎంత సేపటికి ఒకసారి వస్తుందో లెక్క, అన్నీ సరిగ్గా. ఆ కప్పను నాకంటే బాగా విన్నది.

"పురుగై ఉంటుంది," అన్నాను.

"పురుగా? నీళ్ల అంచుకా?"

"కొన్ని పురుగులు అలాగే ఉంటాయి."

పేజీని ఇంకోసారి చూసుకుంది. తర్వాత పెన్ను తీసి, ఆ పేరా మొత్తం అడ్డంగా కొట్టేసింది.

"సరే తియ్ అన్నా. విన్నోనివి నువ్వు గద."

బాత్రూంలో చేసింది వెధవ పని. ఈ మెట్ల మీద చేసింది పాపం. రెండింటికీ తేడా నాకు అప్పుడే తెలుసు, ఆ కొట్టేసిన గీత చూస్తున్నప్పుడే తెలుసు. మరి ఎందుకు నోరు విప్పలేదు? ఉద్యోగం అప్పుడే వచ్చేలా ఉంది, ఆ వ్యాసం వల్లే వచ్చేలా ఉంది. అది ఒక కారణం. కానీ ఇన్నేళ్లు తవ్వగా తవ్వగా ఇంకొకటి బయటపడింది, దాన్ని చెప్పడానికే సిగ్గుగా ఉంది. విన్నవాడివి నువ్వు కదా అన్నప్పుడు ఆ గొంతులో ఉన్న నమ్మకం నాకు ఇష్టంగా అనిపించింది. దాన్ని పోగొట్టుకోవడం కంటే, ఆమె రెండేళ్లు పోవడమే నాకు నయమనిపించింది.

ఆమె ఆ పని వదిలేసింది. ఫెలోషిప్ అయిపోయింది, ఇంటి దగ్గర తమ్ముళ్లున్నారు. ఒక జూనియర్ కాలేజీలో చేరింది, ఇప్పటికీ అక్కడే జువాలజీ చెబుతోంది. బ్రహ్మాండంగా చెబుతుందట. తర్వాత ఆ అడవికి వెళ్లినవాళ్లు కూడా నా కూత కోసమే చెవులు రిక్కించి, వినపడక, ఆ కప్ప అంతరించి ఉండవచ్చని రాశారు. పాపం అది రాయి కింద హాయిగా టక్ అంటూనే ఉండి ఉంటుంది. సువర్ణ ప్రతి ఏడూ కప్పల పాఠం రాగానే తన కథ చెబుతుంది. రెండేళ్లు తిరిగినా ఒక్క కప్ప గొంతు వినలేని మీ మేడం చెవుల సంగతి ఇదిరా, అంటుందట. క్లాసంతా గొల్లుమంటుందట. ఫోన్‌లో అది నాకు చెప్పి తనూ నవ్వుతుంది, నేనూ నవ్వుతాను. ఫోన్ పెట్టేశాక మా ఆవిడ, ఏమైంది అలా ఉన్నావు అంటుంది.

పోయిన వారం మళ్లీ ఫోన్ చేసింది. ఆమె దగ్గర చదివిన ఇద్దరు అమ్మాయిలు ఇప్పుడు పరిశోధనలో ఉన్నారట. ఈ వానాకాలం ఆ వాగుకే వెళ్తున్నారట, ఆ కప్పనే వెతుకుతారట. నా కాసెట్‌ను ఫోన్‌లోకి ఎక్కించి పంపమంది. వాళ్లకన్న దొరకాలె అన్నా, అంది.

నేను సరే అన్నాను. అలవాటు కదా.

ఆ తర్వాత మూడు రోజులు అన్నం సయించలేదు. నాలుగో రోజు కాగితం ముందు కూర్చున్నాను. అగ్గిపెట్టె, దువ్వెన, నల్లా, కుక్కర్, అన్నీ రాశాను. మెట్ల మీద సాయంత్రం గురించి రాశాను. నువ్వు కొట్టేసిన పేరాయే ఆ కప్ప సువర్ణా, దాన్ని సరిగ్గా విని రాసిన మొదటి మనిషివి నువ్వే, పిల్లల్ని ఆ పేజీ పట్టుకుని వెళ్లమను అని రాశాను. ఆ వ్యాసం అచ్చేసిన పత్రికకూ ఇంకో ఉత్తరం రాశాను. సార్ అమ్మగారి పేరు ఆ కప్పకు ఉండాల్సిందే, కప్ప నిజంగానే కొత్తది, దొంగ గొంతు మాత్రం తీసేయమని. క్షమించమని ఎక్కడా రాయలేదు. రాస్తే అది కూడా ఆమెకు నేను అప్పజెప్పే ఇంకో పని అవుతుంది.

ఈ ఉదయం రెండూ చిక్కడపల్లిలో పోస్టు చేసి, పక్కన హోటల్లో రెండు ఇడ్లీ తిన్నాను. రుచిగా ఉన్నాయి. ఇంకో ప్లేటు చెప్పాను. అడిక్‌మెట్‌కు ఉత్తరం రేపటికి చేరుతుంది. తర్వాత ఆమె ఫోన్ చేస్తుందో లేదో, చేస్తే అన్నా అంటుందో లేదో నాకు తెలియదు. అనకపోయినా అడగను. కప్పల పాఠం మాత్రం మళ్లీ వస్తుంది. ఈసారి క్లాసంతా నన్ను తలచుకుని నవ్వాలి.