మామయ్యగారి ఉపవాసం, మా ఆడచేప ఉపవాసం

నీళ్ళు జీవులతో నిండాలని పలికి నింపిన దేవునికి స్తోత్రం. ఆయన చేసిన చేపల్లో ఒక జాతికి, పిల్లల్ని నోట్లో దాచుకుని మూడు వారాలు పస్తుండే ఓపికనిచ్చాడు. నాకూ నోరిచ్చాడు. దానికి దురద మాత్రం నేనే అంటించుకున్నాను. ఆయన నామానికే మహిమ.

మేం నాచారంలో అద్దెకున్న రోజులవి. రాష్ట్రం ఇంకా ఒకటిగానే ఉంది. హాల్లో టీవీ పక్కన మూడడుగుల అద్దాల తొట్టి, అందులో ఆఫ్రికా సరస్సుల జాతి సిక్లిడ్ చేపలు: మగది ఒకటి, ఆడవి నాలుగు. మగది నీలంగా మెరుస్తూ, తొట్టి మొత్తం తన పేర రిజిస్టరైనట్టు తిరిగేది. ఆడవి బూడిద రంగులో ఓ మూల నక్కి ఉండేవి. ఏడాదిగా వాటికి పిల్లలు పుడతాయని చూస్తున్నాను. ఒకరోజు ఒక ఆడదాని దవడ కింద సంచిలా ఉబ్బింది. మేత వేస్తే మొహం తిప్పేసుకుంది. నేను భయపడి, ఆ చేపల్ని కొన్న ఉప్పల్ దుకాణానికి పరిగెత్తాను.

"మందు గిందు ఏం వద్దన్నా," అని దుకాణదారు నవ్వాడు. "రోగం కాదది. గుడ్లు నోట్ల వెట్టుకున్నది. పిల్లలయ్యేదాంక, మూడు వారాలు, ఏం తినది. నువ్వు జర దూరం ఉండు. బెదిరిందనుకో, మింగేస్తది."

ఆ రోజు నుంచి మా హాల్లో నేను మునివేళ్ళ మీద నడిచాను.

వారం తర్వాత మా మామయ్యగారు గుంటూరు నుంచి దిగారు. రిటైరైన హెడ్మాస్టరు, అక్కడి చర్చి సంఘంలో పెద్ద. మనం సగం వచనం చెబితే చాలు, అధ్యాయం, వచనం సంఖ్య ఆయన అందిస్తారు. ఉప్పల్‌లో మా సంఘం పెట్టిన ఉజ్జీవ కూటాలకు, అంటే ప్రత్యేక ప్రార్థన సభలకు, వచ్చారు. కూటాలకు ముందు మూడు రోజులు ఉపవాసం ఉంటానన్నారు. పగలంతా మంచినీళ్ళు, సాయంత్రం ఒక గ్లాసు మజ్జిగ, రెండు బ్రెడ్డు ముక్కలు. ఆయనకు షుగరుంది, మాత్రలు వేసుకుంటారు. అయినా మూడు రోజులే కదా అని మా ఆవిడ సరేనంది.

మూడో సాయంత్రం వంటింట్లోంచి పెసరట్టు వాసన వచ్చింది. మామయ్యగారు తొట్టి ముందు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు.

"అమ్మాయ్, రెండు చాలు. మూడోది అడిగితే మాత్రం కాదనకు."

నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు.

"ఏంటి మామయ్యగారూ, మూడు రోజులకేనా? ఈవిడ్ని చూడండి. ఇవాళ్టికి పదో రోజు. మజ్జిగ కూడా లేదు."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని అద్దానికి ముక్కు ఆనించారు. "నోరు కదుపుతోందే?"

"తినడం కాదండీ. గుడ్లను లోపల తిప్పుకుంటోంది."

"అంటే ప్రార్థనలో ఉందన్నమాట." కాసేపు అలాగే చూశారు. తర్వాత వంటింటి వైపు తిరిగి, "అమ్మాయ్! పెనం దించెయ్. మతిలేని జీవి పిల్లల కోసం ఇంత చేస్తుంటే నేను పెసరట్టుకి లొంగుతానా? ఈ తల్లి మేత ముట్టేదాకా నేనూ అన్నం ముట్టను. దేవుని ముందు చెబుతున్నాను."

మా ఆవిడ అట్లకాడ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ఆయన వైపు చూడలేదు, నా వైపే చూసింది. ఆ పూట ఆరు పెసరట్లూ నేనే తిన్నాను. గొంతు దిగలేదని రాస్తే అబద్ధమవుతుంది.

అక్కణ్ణించి పొద్దున్నే లేచి చేపకు "వందనాలమ్మా" అనడం ఆయనకు అలవాటైంది. కూటాల్లో దాని గురించి సాక్ష్యం కూడా చెప్పారు. సంఘంలో జనం నన్ను వదిలేసి చేప క్షేమం అడగడం మొదలుపెట్టారు. నాకు లోలోపల గర్వంగానే ఉంది. కానీ మామయ్యగారి చొక్కా భుజాల దగ్గర వదులైపోతోంది. ఏఎస్ రావు నగర్‌లో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం.

"గోలీలు ఏస్కుంట తిండి మానేస్తే షుగర్ ఒక్కసారే పడిపోతది పెద్దాయనా," అన్నాడు డాక్టరు. "ప్రాణం మీదికొస్తది. ఇయ్యాలనే బంద్ చెయ్యి."

మామయ్యగారు బుద్ధిగా తలూపారు. ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగారు.

ఆయన ఉపవాసం పదమూడో రోజు మధ్యాహ్నం మోకాళ్ళ మీద ప్రార్థన చేసుకుంటూ ఆమెన్ అన్నారు, లేవలేదు. దగ్గరికెళ్ళి చూస్తే చేతులు వణుకుతున్నాయి, చొక్కా చెమటకు తడిసి వీపుకి అంటుకుపోయింది. మా ఆవిడ చక్కెర నీళ్ళు కలిపి బలవంతంగా తాగించింది. తేరుకోగానే ఆయన అన్న మొదటి మాట: "ఇది మందు. భోజనం కింద లెక్క కాదు."

మా ఆవిడ నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళింది. "మీరు పెట్టిన పుల్ల ఇది. మీరే తియ్యండి. మా నాన్నకేమన్నా అయితే ఆ తొట్టిని చింతపండుతో సహా పొయ్యి మీద పెడతాను."

సాయంత్రం మళ్ళీ ఉప్పల్ వెళ్ళాను. "ఆ చేప తినేలా చెయ్యాలన్నా, అర్జెంటు," అన్నాను.

"ఎన్ని దినాలాయె? ఇరవయ్యా? గట్లయితే పిల్లల్ని మనమే తియ్యొచ్చు. టబ్బుల తొట్టి నీళ్ళు వొయ్యి. తల్లిని తలకిందికి వట్టుకుని, మొద్దు పుల్లతోని కింది పెదవి జర తెరువు. రాల్తయ్. తీసినంక తల్లిని అలగ్, వేరే నీళ్ళల్ల పెట్టు, ఇన్నవా?"

విన్నానన్నాను. బస్సొస్తోంది.

మర్నాడు పొద్దున మా ఆవిడ వల పట్టుకుంది, నేను పుల్ల పట్టుకున్నాను. పెదవి తెరిచానో లేదో, కళ్ళు మాత్రమే ఉన్నట్టున్న పిల్లలు టబ్బులోకి ఒక్కొక్కటీ జారాయి. ఆ ఆనందంలో తల్లిని కూడా అందులోనే వదిలేశాను. తల్లీపిల్లల్ని కలిపి చూపిస్తే బాగుంటుందని కూడా అనుకున్నాను. రెండు మేత గింజలు వేసి కేకేశాను.

"మామయ్యగారూ! ఉపవాసం పూర్తయింది. రండి, తింటోంది!"

నిజంగానే అది గింజ వైపు కదిలింది. మామయ్యగారు వచ్చి టబ్బు మీదికి వంగారు. ఆయన నీడ నీళ్ళ మీద పడింది. పిల్లలన్నీ బెదిరి గుంపుగా తల్లి వైపు దూసుకెళ్ళాయి. తల్లి నోరు తెరిచింది. రెప్పపాటులో టబ్బులో తల్లి, రెండు గింజలు మిగిలాయి. దవడ మళ్ళీ ఉబ్బింది.

"హల్లెలూయా!" అన్నారు మామయ్యగారు, గోడ పట్టుకుని. "అల్లుడుగారూ, మీరు బలవంతాన మాన్పించినా మళ్ళీ మొదలుపెట్టింది!"

మా ఆవిడ చేతిలోని వల కింద పెట్టింది. చిన్నప్పుడు ఆయన నిలబెట్టి కంఠస్థం చేయించిన బైబిలు అధ్యాయాలన్నీ ఆవిడకి ఇప్పటికీ వచ్చు.

"నాన్నా, అపొస్తలుడు ఎక్కిన ఓడ తుఫానులో చిక్కుకుంది. అందులోవాళ్ళు ఎన్ని రోజులు తినలేదు?"

"పద్నాలుగు," అన్నారు ఆయన, హెడ్మాస్టరు గొంతుతో.

"పద్నాలుగో రోజు ఆయన వాళ్ళకేం చెప్పాడు?"

"తినమని బతిమాలాడు."

"ఎందుకు?"

"ప్రాణం నిలవాలని."

"ఇవాళ మీకెన్నో రోజు?"

ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు. రెండోసారి కూడా లెక్కపెట్టారు. మా ఆవిడ లోపలికెళ్ళి ఇడ్లీ పళ్ళెం తెచ్చింది. ఒక ముక్క విరిచి ముందు తను నోట్లో పెట్టుకుంది. పళ్ళెం ఆయన ముందుకు చాపింది.

"మీరు నేర్పిందే నాన్నా."

మామయ్యగారు కళ్ళు మూసుకుని కృతజ్ఞతలు చెల్లించి తిన్నారు. మూడో ఇడ్లీ పూర్తిచేసి మూతి తుడుచుకున్నారు.

"వాక్యం ముందు ఓడిపోయాను, సంతోషం. కానీ దేవుని ముందు ఇచ్చిన మాట ఒకటుంది. ఈ ఇంట్లో ఎవరో ఒకరు తీర్చాలి. షుగరు లేనివాళ్ళు ఎవరు?"

మా ఆవిడ టిఫిను బల్ల మీద నుంచి నా పళ్ళెం తీసేసింది.

తిరిగి తొట్టిలోకి చేర్చిన ఆ తల్లికి ఇంకో ఐదు రోజులు పట్టింది. ఐదో రోజు మధ్యాహ్నం నేను తొట్టి ముందు మోకాళ్ళ మీద ఉండగా రాళ్ళ మధ్య పిల్లల్ని వదిలి, గింజ అందుకుంది. అది మింగేలోపే నేను వంటింట్లో ఉన్నాను.

చదివినవారు నాతో పాటు ఒక్క నిమిషం కళ్ళు మూసుకోండి. ప్రభువా, నీ కోసం పస్తుండే పెద్దలను కాపాడు, వాళ్ళ ముందు పళ్ళెం పెట్టగల కూతుళ్ళను ప్రతి ఇంటికీ ఇవ్వు. ఎదుటివాడి భక్తిని కొలవాలని నాలాంటివాడికి నాలుక లేచినప్పుడల్లా అక్కడే దాన్ని పట్టి ఆపు. ఆమెన్ మాత్రం గట్టిగా అనండి. నా ఒక్కడి ఆమెన్ చాలదని మా ఆవిడ అభిప్రాయం.