ఇన్‌స్పెక్టర్ కోసం ప్రార్థన

నా భార్యకు కర్నూలులో డయాలసిస్ జరిగేది. బేతంచెర్ల నుంచి పొద్దున రైలుకు పోయేవాళ్లం. సూది గుచ్చిన చెయ్యి కదపకూడదు కాబట్టి పుస్తకం నేను పట్టుకుని చదివి వినిపించేవాణ్ణి. ఆమెకు నేరపరిశోధన నవలలు ఇష్టం. అందులోనూ అన్నీ తెలిసిన డిటెక్టివులు కాదు, తప్పులు చేసే పోలీసులు కావాలి.

చివరిగా మొదలుపెట్టిన నవలలో ఇన్‌స్పెక్టర్ తాగుతాడు. లాకప్పులో ఒక అమాయకుణ్ణి కొట్టి, ఆ సంగతి దాస్తాడు. అయినా హత్యకు గురైన పిల్ల తల్లి దగ్గరికి పదే పదే పోయి, ఇంకా ఏమీ తేలలేదని తానే చెప్పి వస్తాడు.

"ఈయప్పకు రెండు పీకి, ఆనక అన్నం పెట్టల్ల" అనేది ఆమె.

"బీపీ పెరుగుతాది, ఊరుకో అక్కా" అని నర్సు నవ్వేది.

చివరి అధ్యాయాలు మిగిలి ఉండగానే ఆమె పోయింది. పుస్తకం బీరువాలో పెట్టేశాను. అది ముగిస్తే మేమిద్దరం కలిసి చేస్తున్న ఆఖరి పని కూడా ముగిసిపోతుంది.

భూస్థాపన తర్వాత చర్చి ఆడవాళ్లు ఇంటికొచ్చి ప్రార్థన చేశారు. లేవబోతూ ఒక పెద్దామె అడిగింది.

"నాయనా, ఆ తాగే పోలీసాయప్ప ఎట్లుండాడు?"

"ఏ పోలీసు?"

"మీ బంధువు గాదా? మీ ఇంటామె ప్రతి ఆదివారం ఆయప్ప కోసరం ప్రార్థన చేయమంటాండె."

నేను చర్చికి పోయేది తక్కువ. ఆ సంగతి నాకు తెలియదు.

"అతను నవలలో పోలీసమ్మా" అన్నాను.

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "శానా గడుసుదిలే అక్క! నేను ఉపవాసం గూడా ఉంటినే!" అంది ఒకామె. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఏడ్చాను.

పెద్దామె మాత్రం నవ్వలేదు. "కథలోనోడైతే ఏమి? మారినాడా, లేదా?"

"తెలీదమ్మా. ఇంకా చదవలేదు."

"చదువు మరి. ఇన్నాళ్లు ప్రార్థన చేసినోళ్లం, మాకు తెలియద్దా?"

మరుసటి మధ్యాహ్నం చదివాను, అలవాటుగా పైకే. అతను హంతకుణ్ణి పట్టుకున్నాడు. తన తప్పు మాత్రం ఎవరికీ చెప్పలేదు. తాగుడూ మానలేదు. రచయిత అతన్ని శిక్షించలేదు, క్షమించనూ లేదు. మంచి నవల. ఆమె ఉంటే మండిపడేది.

ఆదివారం చర్చికి పోయి పెద్దామెకు చెప్పాను. "మారలేదమ్మా."

"అయితే ఇంకా చేయల్ల" అని, ఆమె నా పక్కనే మోకరించింది.